నలభై మూడు జతల ఓటర్లు

ప్రజాస్వామ్యానికి స్తంభాలు నాలుగని చిన్నప్పుడు చదువుకున్నాం. కెనడా వచ్చాక అయిదోది కనిపించింది: పార్కింగ్.

స్కార్‌బరో నుంచి గంట దూరంలో ఉన్న మా నగరంలో ఒక కౌన్సిలర్ రాజీనామా చేసి ఫ్లోరిడా ఎండలోకి వెళ్లిపోయారు. దాంతో ఫిబ్రవరిలో ఉపఎన్నిక వచ్చింది. ముందస్తు ఓటింగ్ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒక ఉపసంఘం పుట్టింది. (ఉపయోగం ఇంకా పుట్టలేదు.) చివరికి రెండు స్థలాలు మిగిలాయి. ఒకటి మా అపార్ట్‌మెంట్ టవర్ కింది హాలు, రెండోది హైవే పక్కన మూతపడిన పరుపుల దుకాణం. హాలు చుట్టూ జనం ఉన్నారు. దుకాణం చుట్టూ రెండు వందల కార్లకు చోటుంది, లోపలికి వెళ్లడానికి పదకొండు మెట్లున్నాయి.

తొమ్మిదో అంతస్తు జ్ఞానవతి గారికి డెబ్బయ్యారేళ్లు. కిందటేడే సిటిజెన్‌షిప్ వచ్చింది, ఇదే మొదటి ఓటు. ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్న మోకాలి ఆపరేషన్ సరిగ్గా పోలింగ్ రోజునే పడింది. ముందే వేస్తేనే ఓటు. వాకర్ పట్టుకుని హాలుకు దిగగలరు గానీ పదకొండు మెట్లు ఎక్కలేరు.

నిబంధన 14(బి) ప్రకారం స్థలానికి గిరాకీ ఉందని ప్రజలు క్యూ కట్టి నిరూపించుకోవాలి. శనివారం పదింటికి పరిశీలకుడొచ్చి లెక్కపెడతాడు. ఆ రోజు చలి మైనస్ పంతొమ్మిది.

“ఈ చలిలో నిలబడితే ఓటేసేదాకా ఎవరం మిగలం,” అన్నారు జ్ఞానవతి గారు. “కిరసనాయిలు క్యూలో ఏం చేసేవాళ్లం? చెప్పులు వరసలో పెట్టి నీడన కూర్చునేవాళ్లం కాదూ?”

“అమ్మమ్మా, దిస్ ఈజ్ కెనడా,” అంది మనవరాలు అబిగేల్.

“అందుకేగా బూట్లు పెడదామంటున్నా!”

తొమ్మిదిన్నరకల్లా మంచులో నలభై మూడు జతల బూట్లు బుద్ధిగా వరస కట్టాయి. వాటి యజమానులు హాల్లో అల్లం టీ తాగుతున్నారు.

పరిశీలకుడు డగ్లస్ గారు వచ్చి వరస చూశారు, ఆపైన నిబంధనల పుస్తకం చూశారు. క్యూలో మనుషులే ఉండాలని అందులో ఎక్కడా లేదు. నలభై మూడు అని రాసుకున్నారు. పన్నెండింటికి మళ్లీ వచ్చి చూస్తే క్యూ అంగుళం కదల్లేదు. అదీ రాసుకున్నారు.

వారానికి తీర్పొచ్చింది. హాలు దగ్గర నిరీక్షణ రెండు గంటలు, అనుమతించిన పరిమితి పావుగంట. పరుపుల దుకాణం దగ్గర నిరీక్షణ సున్నా. కాబట్టి దుకాణమే ఖాయం.

జ్ఞానవతి గారు ఊరుకోలేదు. ఉపసంఘం బహిరంగ సమావేశానికి వెళ్లి మైకు అందుకున్నారు. “బాబూ, అవి ఉత్త బూట్లు. మేమంతా లోపల కూర్చున్నాం. రెండు గంటలు ఎవరూ నిలబడలేదు.”

అబిగేల్ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. సభంతా అర్థం చేసుకుంది, హాయిగా నవ్వుకుంది కూడా. అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకున్నారు.

“అంటే క్యూలో ఎవరూ లేరా?”

“లేరమ్మా.”

“అయితే గిరాకీ లేదన్నమాట,” అని ఆవిడ రికార్డు సరిచేయించారు. (మా బూట్ల క్యూ ఆ విధంగా అధికారికంగా బూటకమైంది.)

ముందస్తు ఓటింగ్ మూడు రోజులు ప్రశాంతంగా జరిగింది. ఎవరూ ఒక్క నిమిషం కూడా వేచి ఉండలేదని నివేదిక. ఎవరైనా వచ్చారా అన్నదానికి ఫారంలో గడి లేదు.

పోలింగ్ రోజు కేంద్రం మాత్రం, ఎప్పటిలాగే, మా హాలే. ఆ ఉదయం ఆరున్నరకు జ్ఞానవతి గారు ఉన్ని మేజోళ్లతో చక్రాల కుర్చీలో ఆస్పత్రికి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ తన బూట్లు హాలు తలుపు ముందు, మొదటి స్థానంలో పెట్టించారు.

పదింటికి తలుపులు తెరిచారు. వరసలో రెండోవాడైన పక్కింటి మధుసూదన్ ఆ బూట్లను రెండు చేతులతో తెచ్చి బల్ల ముందు నిలబెట్టాడు. బల్ల వెనక ఉన్నది డగ్లస్ గారే. వాటిని గుర్తింపు కార్డు అడిగారు, నిబంధన ప్రకారం రెండు నిమిషాలు ఆగారు, తర్వాత నమోదు చేశారు:

“ఓటరు హాజరు. ఆసక్తి చూపలేదు.”