మిరప కల్లంలో పట్టల ఛాలెంజ్

పర్చూరు దగ్గర యేసుపాదం గారి మిరప కల్లాన్ని పర్యాటక కేంద్రంగా గుర్తించినట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది. గుర్తించిన శాఖ: ఫోన్లు.

పుణ్యమంతా కొత్త కోడలు ఫెబాది. పెళ్లయిన పందొమ్మిదో రోజున, ఆరబోసిన ఎర్రటి కాయల మధ్య పసుపు చీరలో గిర్రున తిరిగింది. భర్త బెన్నీ దాన్ని రీలు చేసి పెట్టాడు. తెల్లారేసరికి నాలుగు లక్షల వ్యూస్. అందులో అరవై తన మొగుడివేనని తెలిసి ఫెబా తలగడలో మొహం దాచుకుని నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నానికి జనం దిగారు. చిలకలూరిపేట నుంచి ఆటోలొచ్చాయి. వాడరేవు పోవాల్సిన వ్యాను ఒకటి సముద్రాన్ని మానుకుని మరీ వచ్చింది. అందరూ మర్యాదస్తులు, చెప్పులు విప్పి కాయల మీద నడిచారు. ఐదు నిమిషాల్లో పాదాలు భగ్గుమని గెంతడం మొదలుపెట్టారు. అదేదో కొత్త స్టెప్పనుకుని వెనకవాళ్లు శ్రద్ధగా నేర్చుకున్నారు.

"ఒరేయ్ బెన్నీ, కాయ తొక్కేస్తున్నార్రా!" అన్నాడు యేసుపాదం.

"ఫాలోవర్స్ నాన్నా."

"ఎవరైతే నాకేంట్రా, గట్టు మీద నడవమను!"

నాలుగింటికి మబ్బు కమ్మింది. ఎండిన కాయ తడిస్తే నల్లబడుతుంది, ఏడాది కష్టం పెంటకుప్ప పాలవుతుంది. "పట్టలు కప్పండర్రా!" అని యేసుపాదం కేకేశాడు. నూటయాభై మందీ ఏకగ్రీవంగా మబ్బు వైపు ఫోన్లెత్తారు. ఒక కుర్రాడు దగ్గరికొచ్చి వినయంగా అడిగాడు: "పెద్దాయనా, ఇంకోసారి అరవరా? వాయిస్ సరిగా రాలేదు."

ఫోను లేకుండా పరిగెత్తుకొచ్చింది పక్క కల్లం మీరావలి ఒక్కడే. తన కాయలు వదిలేసి వచ్చి, "అన్నా, నువ్వా కొస పట్టు!" అన్నాడు.

మామగారూ మీరావలీ ఇద్దరే ఒక్క పట్టతో పెనుగులాడటం ఫెబా చూసింది. ట్రాక్టరు తొట్టి ఎక్కి లైవ్ పెట్టింది.

"ఫ్రెండ్స్! పట్టల ఛాలెంజ్! రెండు నిమిషాల్లో కల్లం కప్పిన అందరికీ నా పేజీలో ట్యాగ్!"

నిమిషన్నరలో కాయలు కుప్పలయ్యాయి, కుప్పలు పట్టల కిందికి చేరాయి. యువత విజయగర్వంతో నుదుటి చెమట తుడుచుకుంది, అవే చేతులతో కళ్లూ తుడుచుకుంది. ఆపైన నూటయాభై మందీ వెక్కి వెక్కి ఏడ్చారు. 'రైతు కోసం యువత కన్నీరు' అన్న పేరుతో ఆ లైవ్ ఊళ్లు దాటింది. చూసినవాళ్లూ ఏడ్చారు. బెన్నీ కళ్లు ఫెబా కొంగుతో ఒత్తింది. కొంగుకీ కారమే. "ఇంకొంచెం తుడువు," అన్నాడా మహానుభావుడు.

అప్పుడు పడింది మొదటి చినుకు.

"అయ్యో, మీరావలి బాబాయి కల్లం!" ఫెబా తొట్టి మీంచి దూకింది. "రండర్రా, ఛాలెంజ్ పార్ట్ టూ!"

నీళ్ల తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్న కుర్రాడు జాలిగా చూశాడు. "పార్ట్ టూకి వ్యూస్ రావక్కా."

ఫెబా, బెన్నీ, యేసుపాదం, మీరావలి నలుగురూ పట్ట లాగుతూ పరిగెత్తారు. సగం కప్పేలోపే వాన కుమ్మేసింది.

సాయం చేయమని అడుగుతూ ఫెబా మీరావలి కల్లం వీడియో కూడా పెట్టింది. తడిసిన కాయల మధ్య మీరావలి నిలబడి, ఒక కాయ తీసి వేళ్లతో నొక్కి చూస్తున్నాడు. ఏడవడం లేదు. అందుకని మనమంతా రెండో సెకనులోనే వేలితో పైకి నెట్టేశాం.