సాంచ మీద పువ్వు దిగిన మహాసంగ్రామము

వినుడు, సిరిసిల్ల వీథులార! మానేటి తీరమున మధ్యాహ్నమార్తాండుడు రేకుల షెడ్లను పెనములవలె కాల్చుచుండగా, వేలాది మరమగ్గపు సాంచాల టకటకారవము దిక్కులకు చెవుడు తెప్పించుచుండగా, దశరథుని షెడ్డులో ఒక్క సాంచ మాత్రము మౌనవ్రతము పట్టి నిలిచెను.

దాని యెదుట, స్టూలనెడు రథముపై, కీబోర్డాయుధపాణియై, వంశప్రథమపట్టభద్రయగు దశరథపుత్రిక సంధ్యారాణి ఆసీనయై యుండెను. తెల్లగుడ్డ దప్ప అన్యమెరుగని ఆ సాంచకు చీర అంచున పువ్వు నేయుట నేర్ప నెంచి, దానికొక కంప్యూటరు డబ్బా బిగించెను. పువ్వు నేయించు చిన్న సబ్‌ప్రోగ్రాం వ్రాసెను. అది మెమరీలో ఎచట నున్నదో తెలుపు అంకెయే దాని అడ్రసు. ప్రధాన ప్రోగ్రాం ఆ అడ్రసు పట్టుకొని అచటికి దుమకవలెను. జగిత్యాల కళాశాల కంప్యూటరులో లేడివలె దుమికినది. ఇచట డబ్బా కుయ్యని మూల్గి మూర్ఛిల్లుచున్నది.

ద్వారమున పాతసామాన్ల సాంబయ్య, తూకపు తరాజు భుజమున దాల్చి, కాలయమునివలె కాచుకొని యుండెను.

"పొద్దుగాల సంది గిదే కుయ్యి! బిడ్డా, పువ్వు పడ్తదా? లేకుంటే డబ్బా సాంబయ్యకిచ్చి తెల్లగుడ్డనే నేసుకుందామా?" అని దశరథుడు గర్జించెను.

"జగిత్యాలల నడిచింది బాపూ! గదే ప్రోగ్రాం, గదే అడ్రస్!"

"అడ్రస్ సక్కగుంటే గీడ ఎందుకు తప్పిపోయిందే?"

రోషాగ్నిజ్వాలాపరీతయై ఆ వీరాంగన లేచి నిలిచెను. "నువ్వు తప్పిపోలేదా? కోరుట్ల సరితక్కకియ్యాల్సిన చీరల మూట పట్కపోయి కిరాణం సత్యవ్వకు అప్పజెప్పి రాలేదా?"

"అడ్రస్ కాయిదం మీద సత్యవ్వ కిరాణమనే ఉండె గదనే!"

"గల్ఫుకు పోయినోళ్ల ఇండ్లకు గట్లనే రాస్తరు బాపూ! కిరాణంల అడిగితే ఇల్లు చెప్తరు. గది ఇల్లు కాదు, ఇల్లేడున్నదో చెప్పే జాగ..."

వాక్యము నడుమనే ఆమె స్తంభించెను. బుద్ధ్యాకాశమున మెరుపు మెరసెను! జగిత్యాల కంప్యూటరులో అడ్రసనగా సబ్‌ప్రోగ్రాం గడపయే. ఈ డబ్బాలో అడ్రసనగా కిరాణము; అసలు గడప ఎచటనో అచట వ్రాసియుండును. ఆమె ప్రోగ్రాం కిరాణమునే ఇల్లనుకొని, పప్పుల డబ్బాల నడుమ కాళ్లు జాపి కూర్చున్నది!

"సాంబన్నా, తరాజు దించకు!" అని సింహనాదము చేసి, "అడ్రసుకు దుముకు" అను పంక్తిని తుడిచి, "అడ్రసులో వ్రాసియున్న చోటికి దుముకు" అని సంధించెను. మీట నొక్కెను. సాంచ గర్జించెను, దారములు లేచెను, పోగు మోయు నాడె ఉరికెను, అంచున ఏదియో ఎర్రగా మెరసెను.

సాంబయ్య వంగి చూచెను. "గిది దుమ్మా, పువ్వా?"

"కండ్లు కనవడ్తలెవ్వా? పువ్వు! ఇగ నడువ్, మా సాంచకు గాలి ఆడనియ్యి!" అని దశరథుడు గద్దించి, ఆ పువ్వును బొటనవ్రేలితో ముమ్మారు తడిమి చూచెను.

కావున రుద్రంగి మొదలు బోయినపల్లి దనుక సమస్తజనులు ఆలకింతురు గాక! కందిబద్ద పరిమాణము గల, కొంచెము ఎడమకు ఒరిగిన, ఏకైక పుష్పము నేడు తెల్లగుడ్డ సామ్రాజ్యమును జయించినది!