కోదాడలో కుట్టిన జాకెట్టు

ఆడవాళ్ల బట్టల సంగతి తనకు తెలుసనుకునే మగవాడు మీలో ఎవరైనా ఉంటే, ముందు నా కథ వినండి.

మా మరదలు దేవిక సూర్యాపేటలో మా ఇంట్లోనే ఉండి టీచరుగా పనిచేస్తోంది. ఆమెకు నేనొక సంబంధం తెచ్చాను. మిర్యాలగూడ రైసుమిల్లు వాళ్లు. అబ్బాయి హరీష్ బుద్ధిమంతుడు. వాళ్లమ్మ లక్ష్మీనర్సమ్మ మిల్లు మొత్తాన్ని కంటిచూపుతోనే నడుపుతుంది. పెళ్లిచూపులు మాత్రం మూడుసార్లు వాయిదా పడ్డాయి. కారణం జాకెట్టు.

"కోదాడల మగ్గం వర్కుకు ఇచ్చిన బావా. ఇంక సరిగ్గ కుదర్లే," అనేది దేవిక. ప్రతి ఆదివారం చక్కగా తయారై కోదాడ బస్సెక్కేది. సాయంత్రం ఖాళీ చేతులతో, వెలిగిపోతున్న ముఖంతో దిగేది. జాకెట్టు కుదరనందుకు అంత సంతోషించే మనిషిని నేనెక్కడా చూడలేదు. అయినా నాకేమీ తట్టలేదు.

"ఒక్క జాకెట్టుకు రెండు నెలలా? నేనే పోయి తెస్త," అన్నాను నా భార్య పుష్పలతతో.

"ఆడోళ్ల ముచ్చట నీకెందుకు?"

"నా ప్లాన్ సూడు నువ్వు."

"నీ ప్లాన్లు సూసే నాకు బీపీ వచ్చింది."

నాలుగోసారి ఖాయం చేసిన పెళ్లిచూపుల రోజు పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా బైకు మీద కోదాడ పోయాను. దర్జీ రాకేష్ జాకెట్టు తీసి చూపించాడు. వీపు మీద నెమలి, చేతుల నిండా పూసలు. నోరు తెరుచుకుని చూశాను.

"ఇది ఎప్పుడో అయిపోయిందండి. ఆవిడే ఓ వారం చేతులు లూజన్నారు, ఓ వారం టైటన్నారు. మళ్లీ లూజన్నారు," అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"గట్లయితే నువ్వే రా! సూదిదారం పట్టుకో. ఇంట్లనే సరిచేస్తే ఇగ ఖతం!"

"నేనా? మీ ఇంటికా?"

మెడలో టేపుతోనే బైకెక్కాడు. దారిలో ఒకటే అడిగాడు, "మీ మామగారికి కోపం ఎక్కువా అండి?" అని. ఎంత శ్రద్ధ గల దర్జీ అనుకున్నాను.

అతన్ని గుమ్మంలో చూడగానే దేవిక చేతిలో గ్లాసు జారిపోయింది. పుష్పలత మాత్రం కుర్చీ వేసి టీ ఇచ్చింది. దేవిక జాకెట్టు వేసుకొచ్చింది. ఒక్క కుట్టు మార్చే పని లేకుండా సరిగ్గా కుదిరింది! నా ప్లానును నేనే మెచ్చుకున్నాను.

మిర్యాలగూడ వాళ్లు వచ్చారు. లక్ష్మీనర్సమ్మ దేవికను పక్కన కూర్చోబెట్టుకుని, జాకెట్టు చేతి అంచు మడిచి లోపలి కుట్లు చూసింది.

"ఎన్నిసార్లు ఇప్పి కుట్టిన్రు బిడ్డా దీన్ని?"

"ఎనిమిది."

"కుట్టిందెవరు?"

"కోదాడ దర్జీ. పొద్దుగాల నేనే బండి మీద తోలుకొచ్చిన," అన్నాను గర్వంగా. దేవిక తల దించుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ రాకేష్ కూడా దించుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ ఇద్దర్నీ ఒకసారి చూసి, నవ్వుతూ లేచింది.

"పెండ్లికొడుకును నువ్వే బండి మీద తోలుకొచ్చి, మమ్మల్నెందుకు పిలిచినవయ్యా ప్రభాకర్?"

హరీష్ నింపాదిగా మిర్చిబజ్జీ పూర్తి చేసి తల్లి వెనకాల నడిచాడు.

వాళ్లు వెళ్లాక పుష్పలతను అడిగాను, "నీకు తెలుసా?" అని.

"దర్జీ దగ్గరికి పోయే పిల్ల వారానికో కొత్త డ్రెస్ ఏసుకుంటదా? రెండో వారమే తెలిసింది. నిన్ననే మా నాయినను ఒప్పించిన. పిలగాన్ని ఇంటికెట్ల పిలవాల్నో అనుకుంటుంటే, నువ్వే తెస్తివి."

నాకు నిజంగా అబ్బురమనిపించింది. ఒకామె డ్రెస్సు చూసి ప్రేమను కనిపెట్టింది. ఇంకొకామె కుట్లు చూసి కనిపెట్టింది. ఇద్దరికీ దండం పెట్టాలనిపించింది.

"ఇంకోటి చెప్పాల్నా?" అంది పుష్పలత. "మన పెండ్లిసూపులప్పుడు నువ్వు వద్దనాలని మా పెద్దమ్మది ఎలిసిపోయిన చీర కట్టుకున్న."

"మరి నేను..."

"నీకు చీరలు కనిపియ్యయని అప్పుడు నాకేమెర్క?"

ఇకనైనా మంచి పేరు తెచ్చుకుందామని ఆమెను ఎగాదిగా చూశాను. "ఈ చీర మస్తుగుంది పుష్పా. ఎప్పుడు కొన్నవ్?"

"ఇది మన పెండ్లి చీర," అంది.