బండి దిగని గురిగారు

పార్సిల్ చేతికి ఇవ్వడం అనాగరికం, గాల్లో ఎగిరి రావడమే నాగరికత అని నేను గట్టిగా నమ్ముతున్నాను. నవ్వకండి!

సినిమాలో సూపర్‌హీరో చేతిలోని డాలు విసురుతాడు. అది గోడకు తగిలి, స్తంభానికి తగిలి, విలన్ నెత్తిన మోగి, మళ్ళీ హీరో చేతికే వస్తుంది. అదంతా కండబలం అనుకునేవాళ్ళు వట్టి అమాయకులు. బలమంతా బుర్రది! రెప్పపాటులో గాలెంత, బరువెంత, గోడ ఎటు వాలింది, అన్నీ లెక్క తేలిపోవాలి. మనకేమో లిఫ్ట్‌లో ఏ బటన్ నొక్కాలో తేలేసరికి తలుపులు మూసుకుంటాయి.

అలాంటి బుర్ర ఒకటి రోజూ మా వీధికి వస్తుంది. పార్సిళ్ళు తెచ్చే ఆయన. మా ఆవిడ ఆయనకు గురిగారని పేరు పెట్టింది. బండి దిగడు. ఒక కాలు నేలకు ఆనించి, మా రెండో అంతస్తు బాల్కనీ వైపు ఒక్క చూపు చూస్తాడు. ఆరేసిన దుప్పటి, గ్రిల్ సందు, పూలకుండీ... అన్నీ దాటించి పెట్టెను తిన్నగా మా పడక్కుర్చీలో కూర్చోబెడతాడు. ఆయనకు మెట్లెక్కే శ్రమ లేదు, మాకు తలుపు తీసే శ్రమ లేదు. ఇంతకన్నా వరం ఏం కావాలి?

ఈ విద్య ఎక్కడ నేర్చాడని ఆరా తీశాను. కంపెనీ చలవేనట! ఒక్కో ఇంటికి అర నిమిషమే గడువు. దాటితే ఫోన్ ఎర్రబడుతుంది. ఎర్రబడితే మర్నాడు పని ఉండదు. ఎంత చక్కని శిక్షణో చూశారా!

మొన్న మా అమ్మకు కొత్త కళ్ళజోడు రావాలి. పాతది విరిగినప్పటి నుంచి మా ఇంట్లో కాఫీలో ఉప్పు, కూరలో పంచదార. బండి చప్పుడు వినగానే అమ్మ ఆత్రంగా బాల్కనీలోకి వెళ్ళి, ఏమీ కనబడక గ్రిల్ మీదికి వంగింది. అప్పటికే ఆయన చెయ్యి లేచింది. పెట్టె ఆవిడ మొహానికి తగులుతుందని అంతలోనే లెక్క తేలింది కాబోలు, మణికట్టు పక్కకి తిప్పేశాడు. పెట్టె గోడకు కొట్టుకుని వీధిలో పడింది.

అప్పుడు దిగాడండీ బండి! పెట్టె పట్టుకుని మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చాడు.

"దెబ్బేం తగల్లేదు కదమ్మా?"

"లేదు నాయనా. ఆయాసపడుతున్నావు, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళు."

"టైం లేదమ్మా!"

జేబులో ఫోన్ అప్పటికే కూస్తోంది. పెట్టెలో అద్దాలు ముక్కలయ్యాయి.

మర్నాడు గురిగారు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కంపెనీ నుంచి మాత్రం మెసేజ్ వచ్చింది, మీ డెలివరీ మనిషికి ఎన్ని స్టార్లు ఇస్తారని. ఉన్నవన్నీ ఇచ్చేశాను. ఆ అర నిమిషం నిర్ణయించిన బుర్రకు కూడా ఇద్దామని యాప్ అంతా గాలించాను. దానికి స్టార్లు వేసే చోటు ఎక్కడా లేదు.