సోమ్లా ముక్కు మీది విమానం

డ్రైవరన్నవాడు రోడ్డు వంక చూడటం వెనకబడిన దేశాల అలవాటు! ఈ గొప్ప సత్యాన్ని కనిపెట్టింది కోదాడ సత్యవతమ్మగారు. నమ్మకం కుదరకపోతే ఆమె మినీబస్సు ఎక్కినవాళ్ళను అడగండి.

తొంభై నాలుగు నాటి సంగతి. సైన్సు టీచరుగా రిటైరైన సత్యవతమ్మ సూర్యాపేట, మిర్యాలగూడల మధ్య ఒక మినీబస్సు తిప్పించేవారు. డ్రైవరు సోమ్లాది పెన్‌పహాడ్ దగ్గరి తండా. పదకొండేళ్ళ సర్వీసులో మేకపిల్లను కూడా గుద్దనివాడు. ఓ ఆదివారం పొద్దున బ్రేకుల సంగతి చెబుదామని ఆమె ఇంటికి వెళ్ళాడు.

"అమ్మా, బ్రేకు తొక్కితే కాలు కిందికి పోతనే ఉంటది గాని బండి ఆగుతలేదు. జర షెడ్డుకు పంపాలె."

"అది సరేగానీ ఇది చూశావా?" అంటూ ఆమె పేపరు ముందుకు జరిపారు. "ఫారిన్లో పైలట్ల కోసం కళ్ళజోడు తయారు చేస్తున్నారంట. ఎంత ఎత్తు, ఎంత స్పీడు, ఎటు పోతున్నారు, అన్నీ కంటి ముందు అద్దంలోనే కనపడతాయంట! తల దించి మీటర్లు చూసే పనే లేదు."

"మన బండికి మీటరే నడవదు గదమ్మా!"

"అందుకే మనకింకా అవసరం!"

ఇంత గట్టి వాదన ముందు బ్రేకుల సంగతి ఏపాటిది? సోమ్లా ఆ బ్రేకులతోనే బండి తీశాడు.

మూడో రోజుకల్లా కళ్ళజోడు సిద్ధమైంది. స్కూటరువాళ్ళు పెట్టుకునే పెద్ద అద్దాలు, కుడి కంటి ముందు తీగతో బిగించిన చిన్న చట్రం. విమానంలో కంప్యూటరు చేసే పని ఇక్కడ కండక్టరు దానియేలుకు అప్పగించారు. అతను డ్రైవరు పక్కనుండే ఇంజను బానెట్ మీద కూర్చుని, ప్లాస్టిక్ ముక్కల మీద స్కెచ్ పెన్నుతో వివరాలు రాసి చట్రంలో దూర్చాలి. సైకిలును దాటితే స్పీడు ముప్పై. స్కూటరును దాటితే యాభై. ఎత్తు మాత్రం దేవుడికే తెలియాలి! పెన్‌పహాడ్ దగ్గర ఓసారి తొమ్మిది వేల అడుగులని పడింది.

ఎంత సౌకర్యమో ఆలోచించండి! మామూలు డ్రైవరుకు గుంట కనపడి మనసు పాడవుతుంది. సోమ్లాకు ఆ బాధ లేదు. గుంటలో దిగాక, ఏ దిక్కుగా దిగాడో అద్దంలో చదువుకోవచ్చు.

కూరగాయలమ్మే పిచ్చమ్మ ఆ వేషం చూసి ముందే చెప్పిపెట్టింది. "ఎగిరితే ఎగిరినవ్ గాని కొడుకా, నన్ను మార్కెట్ కాడ దించు."

సోమ్లాకు నవ్వు రాలేదు. కుడి కంటివెంట నీళ్ళు కారేవి. మెడ పక్కకు తిప్పి ఎడమ కంటితో నడిపేవాడు. వెనక నలభై మంది ఉన్నారన్న సంగతి ఏ ముక్క మీదా రాయకపోయినా అతనికి గుర్తుండేది.

శనివారం నాడు సత్యవతమ్మ తన ప్రయోగాన్ని చూసుకోవడానికి తనే వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. మిర్యాలగూడ దగ్గరపడింది. రైసు మిల్లు మలుపులో దానియేలు "స్పీడు 40" దూర్చాడు. కంటి ముందున్న ఆ నలభై అంకె వెనకాల వడ్ల బస్తాల ట్రాక్టరొకటి అడ్డంగా ఆగి ఉంది.

"సోమ్లా! ట్రాక్టర్!" అని ఆమె కేక పెట్టారు.

సోమ్లా కళ్ళజోడు పీకి విసిరేశాడు. బ్రేకు తొక్కాడు. కాలు కిందిదాకా పోయింది, బండి ముందుకే పోయింది. స్టీరింగు ఎడమకు తిప్పి, మిల్లువాళ్ళు పోసిన ఊక కుప్పలోకి దూకించాడు. బస్సు సగందాకా కూరుకుని ఆగింది. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు.

తలనిండా ఊకతో సత్యవతమ్మ అడిగారు. "అన్నీ కళ్ళముందే కనపడుతుంటే ఎందుకు ఆపలేకపోయావయ్యా?"

సోమ్లా తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "కానొచ్చుడు వేరు, ఆగుడు వేరమ్మా. బ్రేకు చేపిచ్చేదాక నేను ఈ సీట్ల కూసోను."

"ఆడు కూసోకుంటే మేం ఎక్కం," అంది పిచ్చమ్మ, గంప నెత్తికెత్తుకుంటూ. మిగతావాళ్ళూ దిగి ఆమె వెనకే నడిచారు. ఖాళీ బస్సులో సత్యవతమ్మ తనే బ్రేకు తొక్కి చూశారు. సోమవారం బండి షెడ్డుకు వెళ్ళింది, బుధవారం సోమ్లా సీట్లోకి వచ్చాడు.

అయితే సైన్సు టీచరుగారు ఊరుకుంటారా? బస్సు ముందు ఎర్రరంగుతో పెద్ద బోర్డు రాయించారు: "అత్యాధునిక సౌకర్యం! ఈ బస్సునకు బ్రేకులు కలవు."

జనం ఎగబడి ఎక్కారు. అటువంటి బస్సు ఆ చుట్టుపక్కల ఇంకోటి ఉంటేగా!