బి సెక్షన్‌లో తల్లులు

హెడ్మాస్టరు నారాయణమూర్తి ఆ ఉదయం ఇడ్లీ తింటూ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తల్లిదండ్రుల సమావేశంలో నాలుగు మాటలు గట్టిగా మాట్లాడాలి, తప్పంతా ఇళ్ల మీదకు తోసెయ్యాలి. విజయనగరంలో ఆయన నడిపే మునిసిపల్ హైస్కూలు పదో తరగతి బి సెక్షన్, లెక్కల్లో పట్టణంలోకెల్లా అడుగున ఉంది. ఈసారీ మార్కులు పెరగకపోతే కొండ మీది బడికి బదిలీ తప్పదని పై అధికారి చెప్పేశారు. నారాయణమూర్తి ఇంటికీ బడికీ మధ్య ఒక్క సందే అడ్డం. రోజూ మధ్యాహ్నం వెళ్లి వేడన్నం తిని, కాసేపు నడుం వాల్చి వస్తారు. ఆయన భయమంతా ఆ కునుకు గురించే.

“మీ పిల్లలు క్లాసులో ఏటి చేస్తన్నారో ఒకరోజొచ్చి కూర్చోండి, మీకే తెలుస్తాది!” అని సమావేశంలో గర్జించారు. ఎవరైనా వస్తారని అనే మాట కాదది. కానీ ఆ పేటలో పెద్దమనిషి రమ్మన్నాక వెళ్లకపోవడం మర్యాద కాదు.

మర్నాడు బి సెక్షన్ కుర్రాడు నరేష్ తల్లి తవిటమ్మ చిక్కుడుకాయల బుట్టతో వచ్చి కొడుకు పక్కనే కూర్చుంది. ఆ వెనకే ఇంకో పిల్లాడి తల్లి స్వర్ణ, తన చర్చి స్త్రీల సమాజాన్ని వెంటబెట్టుకుని దిగింది. పిల్లల్ని చదువుకోమని ఫోను చూసుకునే లెక్కల మాస్టారు జగన్నాధం హెడ్మాస్టరు గదికి పరిగెత్తాడు.

“సార్, క్లాసులో ఆడాళ్లు కూర్చున్నారండి!”

“పంపించెయ్యి.”

“మీరే రమ్మన్నారంట.”

నారాయణమూర్తి స్వయంగా వెళ్లారు. “ఏటమ్మా ఇది?”

“మీరే కూకోమన్నారు గదా బాబూ,” అంది తవిటమ్మ, చిక్కుడుకాయ ఈనె తీస్తూ. “మాస్టారింకా పాఠం మొదలెట్టనేదు. సూస్తన్నాం.”

జగన్నాధానికి ఫోను జేబులో పెట్టక తప్పలేదు.

“మళ్లీ సెప్పండి మాస్టారూ, నాకు బోధపళ్లేదు,” అని తవిటమ్మ ప్రతి లెక్కకీ అడ్డు తగిలింది. ఆయన చెమటలు కక్కుతూ మళ్లీ చెప్పాడు, మళ్లీ చెప్పాడు. చివరికి ఆవిడకు అర్థమైంది. మధ్యలో పిల్లలకు కూడా అర్థమైపోయింది. ఆ వారం పరీక్షలో సగం మందికి పైగా గట్టెక్కారు, జగన్నాధం తన కళ్లను తనే నమ్మలేదు.

ఈలోగా బడిలో కూర్చున్న ఆడవాళ్లకు ప్రభుత్వం ఏదో పథకం ఇస్తోందని పక్క పేటల్లో పుకారు పుట్టింది. ఆధార్ జిరాక్సులు పట్టుకుని జనం దిగారు. బెంచీలు నిండిపోయి పిల్లలు కిటికీలెక్కారు.

“పథకం లేదు, ఏమీ లేదు, వెళ్లండమ్మా!” అని నారాయణమూర్తి చేతులు జోడించారు.

“నేదంటన్నారంటే ఉన్నట్టే. ముందలగే అంటారు,” అని స్వర్ణ అందరికీ ధైర్యం చెప్పింది. ఎవరూ కదల్లేదు.

సరిగ్గా అప్పుడే పై అధికారి సత్యవతి జీపు గేట్లోకి వచ్చింది. నారాయణమూర్తికి కొండ కళ్ల ముందు కనిపించింది.

“ఏమిటండీ ఈ సంత?” అంది ఆవిడ గుమ్మంలో నిలబడి.

“సంత కాదు మేడమ్,” నారాయణమూర్తి గొంతు సవరించుకున్నారు. “తల్లుల తరగతి. పిల్లలతో పాటు తల్లి కూడా వింటుంది. ఆలోచన నాదే.”

ఆవిడ నమ్మలేదు. బోర్డు మీద ఒక లెక్క వేసి నరేష్‌ని లేపింది. వాడు నీళ్లు నమిలాడు.

“సెప్పరా! నాకే వచ్చు, నీకు రాదేటి?” అని తవిటమ్మ కళ్లెర్రజేసింది. నరేష్ గబగబా చెప్పేశాడు. జవాబు సరైనదే.

సత్యవతి మార్కులు చూసింది, తల్లుల్ని చూసింది, నారాయణమూర్తి చేతులు పట్టుకుని ఊపింది. ఆయన ఆ మధ్యాహ్నం ఇంటికెళ్లి ఇంకో గరిటె పప్పు వేయించుకుని, హాయిగా గుర్రు పెట్టారు.

వారం తిరక్కుండా ఉత్తర్వులొచ్చాయి. ఇంత గొప్ప పద్ధతి ముందుగా వెనకబడ్డ కొండ బళ్లకే అందాలట. అమలు చేయడానికి దాన్ని కనిపెట్టినవారికన్నా తగినవారు ఎవరుంటారట. నారాయణమూర్తి దుఃఖాన్ని దిగమింగుకుని, తలగడ కూడా పెట్టెలో సర్దుకున్నారు.

కొండ మీద మొదటి సమావేశంలో ఆయన చాలా జాగ్రత్తగా, తల్లులెవరూ బడికి రానక్కర్లేదని చెప్పారు. ఎందుకు వద్దంటున్నారో చూద్దామని మర్నాడు తండ్రులు కూడా వచ్చారు.