మేడ మీద మూజువాణి ఓటు

ఆ ఉదయం ఫర్హీన్‌కు పని పెద్దగా లేదు. రికార్డు చేసిన గొంతులను మరోసారి విని, బస్సెక్కి నరసరావుపేట వెళ్లి గైడ్‌ను కలవాలి. ఆమె దాచేపల్లిలో పిచ్చమ్మ మేడగది అద్దెకు తీసుకుని పిహెచ్‌డి చేస్తోంది. పార్లమెంటులో మూజువాణి ఓటును, అంటే సభ్యుల కేకల జోరును బట్టి బిల్లు నెగ్గిందనడాన్ని, ఎంతవరకు నమ్మవచ్చన్నది ఆమె అంశం. అందుకోసం నిరుడు వీధివాళ్లను పిచ్చమ్మ వాకిట్లో కూర్చోబెట్టి, సగంమంది చేత "అవును" అనీ, సగంమంది చేత "వద్దు" అనీ అరిపించి రికార్డు చేసింది. అందరికన్నా గట్టిగా అరిచినవాడు పిచ్చమ్మ భర్త కోటేశ్వరరావు. ఆయన మొన్న వేసవిలో పోయాడు.

వింటుండగా కరెంటు పోయి స్పీకరు మూగబోయింది. ల్యాప్‌టాప్‌లో రికార్డింగు బ్యాటరీ మీద నడుస్తూనే ఉందని గమనించక, ఫర్హీన్ గదికి తాళం వేసి వెళ్లిపోయింది.

మంచు, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము కలిసి వాకిలంతా బూడిద పూసినట్లుంది. మాచర్ల నుంచి మరిది ధనుంజయరావు, ఇల్లు కొనే మస్తాన్‌రావును వెంటబెట్టుకొచ్చాడు. పిచ్చమ్మకు అమ్మడం ఇష్టం లేదు. మరిదికి ఎదురుచెప్పే అలవాటూ లేదు.

"ఒక్కదానివి ఇంత ఇంట్లో ఏం జేస్తావు వదినా? అమ్మేద్దామా?"

అప్పుడే కరెంటు వచ్చింది. ఫ్యాను కిర్రుమని కదిలింది. తాళం వేసిన మేడగదిలోంచి ఎందరో ఒక్కసారిగా అన్నారు:

"అవును!"

అందులో ఒక గొంతును ముగ్గురూ గుర్తుపట్టారు.

మస్తాన్‌రావు టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎవరయ్యా పైన?"

"ఎవరూ లేరు. ఆ పిల్ల ఊరెళ్లింది" అంది పిచ్చమ్మ.

ధనుంజయరావు ముఖం పాలిపోయింది. అయినా బేరం వదిలే మనిషి కాదు. "విన్నావా వదినా? అన్న ఒప్పుకున్నాడు!"

"మరి ఆ మిగతావాళ్లెవరు?" అన్నాడు మస్తాన్‌రావు.

"మా వంశపోళ్లయ్యుంటారు మావా."

పైనుంచి ఇంకో గుంపు అరిచింది: "వద్దు!"

మస్తాన్‌రావు చెప్పులు వెతుక్కున్నాడు. "వాళ్లల్లో వాళ్లకే పడట్లా. తగాదా ఆస్తి నాకొద్దు."

"కూర్చో మావా, మెజారిటీ మనదే!"

పిచ్చమ్మ లేచింది. "ఉండండి. ఆయన్నే అడిగొస్తా."

మారు తాళంచెవి తీసుకుని మెట్లెక్కింది. తలుపు తెరిచిన చప్పుడైంది. గొంతులన్నీ టక్కున ఆగిపోయాయి. చాలాసేపటికి ఒకే ఒక్క గొంతు, బొంగురుగా, బావిలోంచి వచ్చినట్లు వినిపించింది.

"వద్దురా... ధనుంజయా!"

మస్తాన్‌రావు ఒక చెప్పుతో పరుగెత్తాడు. ధనుంజయరావు కాళ్లకు అదీ లేదు.

మధ్యాహ్నం బస్సు దిగిన ఫర్హీన్‌ను అతనే ఆపాడు. "ఆ ఇంటికి పోబాకమ్మా! మా అన్న ఉన్నాడాడ."

జరిగింది విని ఫర్హీన్ సిగ్గుపడింది. ఎవరినీ భ్రమలో ఉంచడం ఆమెకు చేతకాదు. "దెయ్యం కాదు బాబాయ్, నా రికార్డింగు. రండి, చూపిస్తా" అని బలవంతాన వెనక్కి తీసుకొచ్చింది. పిచ్చమ్మ గుమ్మంలోనే వద్దన్నట్లు చెయ్యి ఊపినా, ఆ పిల్లకు అర్థం కాలేదు.

రికార్డింగు మొదటినుంచి చివరిదాకా వినిపించింది. కోటేశ్వరరావు "అవును" జట్టులో కూర్చున్నాడు. ఆయన ఒక్కసారి కూడా "వద్దు" అనలేదు. ధనుంజయ అన్న పేరు ఎవరి నోటా రాలేదు.

ఫర్హీన్ చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"చదువుకున్న పిల్లవు, నువ్వే తేల్చావు గదమ్మా" అన్నాడు ధనుంజయరావు, గోడకు దణ్ణం పెట్టి. "అన్నా, ఇల్లు అమ్మం. నువ్వు పడుకో." మళ్లీ ఆ వీధిలో అతను అడుగు పెట్టలేదు.

అతను వెళ్లాక ఫర్హీన్ మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, మరి ఆ గొంతు ఎవరిది?"

గొంతు బొంగురుపోయి, పిచ్చమ్మ ఉప్పునీళ్లు పుక్కిలిస్తోంది.